నీటిపథ్యము

రోహిణీకార్తె ప్రచండభానుని కరాళకిరణములచే కృష్ణాతీరమందలి యా పట్టణము కాలినపెనమువలె సెగలు గ్రక్కుచుండగా కృశించిన నదీగర్భమున ఇసుకతిన్నెలు ఎండుటెముకలవలె తేలి కానవచ్చుచుండెను. ఆ మధ్యాహ్నవేళ నొక యాసుపత్రి మూడవ అంతస్తున వేడిగాలినే త్రిప్పి త్రిప్పి అలసిన పంకాక్రింద మంగతాయారను తల్లి పదునాలుగు దినములనుండి కంటికి కునుకులేక కూతురి మంచముకోడు నంటిపెట్టుకొని కూర్చుండియుండెను.

కూతురు ఇందుమతి ఇరువదినాలుగేండ్ల యువతి. స్కూటరుపైనుండి పడి శిరమున రక్తము గడ్డకట్టగా వైద్యులు కపాలమునుండి అరచేతియంత యెముకను తొలగించి మరల అతుకుదాక చెడకుండుటకై దానిని ఆమె పొట్టచర్మము క్రిందనే దాచియుంచిరి. ప్రాణము దక్కెనుగాని యెముకలేని తావున మెదడుచుట్టును ద్రవము చేరి మెత్తని వాపు పొడసూపెను. నాలుగుదినములలో తగ్గనిచో ఆ ద్రవమును వెలికితీయుటకు తలలో గొట్టము వేయుదుమని వైద్యుడు చెప్పి చనెను.

చిన్న తుమ్మునందైనను మృత్యువునే చూచు ఆ తల్లికి తన పురిటినాళ్ళలో దేహము నీరుపట్టునని తన తల్లి పదిదినములు చుక్కనీరీయక పథ్యము పెట్టిన సంగతి స్మరణకు వచ్చెను. త్రాగిన నీరే తలకెక్కుచున్నదని నిశ్చయించుకొని నర్సు కొలిచియిచ్చు నీటిని ఎవరును చూడకుండ తొట్టిలో ఒలుకబోసి తడిగుడ్డతో కూతురి పెదవులు మాత్రము అద్దుచుండెను. బిడ్డ త్రాగని నీరు తనకేలయని తానును మానెను.

"అమ్మా, ఒక్క గుక్కే. నోరు పిడచకట్టుకుపోతోందే."

"ఓర్చుకో నా తల్లీ. ఇంకో రెండ్రోజులు. నీ మంచికే."

మూడవదినమున ఇందుమతి పిలిచినను పలుకక మగతలో మునిగెను. ద్రవపు ఒత్తిడి హెచ్చెనేమోయని శంకించిన వైద్యుడు మరునాడే గొట్టము వేయవలెనని అంగీకారపత్రమును తల్లి చేతికిచ్చెను. కూడబలుకుకొని తన పేరు వ్రాయబోవు నామె ప్రక్కనే మూత్రపుసంచిని చూచుచున్న ఎస్తేరను నర్సు చటుక్కున వెనుదిరిగెను.

"ఏవండీ మంగతాయారుగారూ, సంచిలో పావుగ్లాసైనా లేదు, అదీ డికాషన్‌లా ఉంది. నేనిచ్చే జగ్గులన్నీ ఎవరు తాగుతున్నారు, గోడమీద బల్లా?"

పలుకకున్నచో ఎవరికిని తెలియదు. పలికినచో క్షమించువారు లేరు. కలము జారి నేలబడెను.

"నేనే పారబోశానమ్మా. తల్లో చేరతాయని... నా చేతుల్తో నేనే..."

"అయ్యో పిచ్చితల్లీ! తాగిన నీళ్ళు తలకెక్కవు. ఆ ద్రవం మెదడులో దానంతటదే ఊరేది. నీ పెదాలేంటి అలా పగిలాయి? నువ్వూ మానేశావా? సరిపోయింది, ఇక పక్కన నీకో మంచం వెయ్యాలి!"

నర్సువలన సంగతి విని, మగతకు నీటిలేమియే కారణమని గ్రహించి వైద్యుడు గొట్టపుమాట నిలిపి సెలైను పెట్టించెను. సంధ్యవేళకు ఇందుమతి కనులు తెరచి తల్లిచేతి గ్లాసును మెల్లగా ఆవలకు నెట్టెను.

"ముందు నువ్వు తాగవే. నీ మొహం చూడు, ఎండు నిమ్మకాయలా ఉంది."

మంగతాయారు త్రాగెను. ఆ గుక్క గొంతు దిగునపుడు మూడుదినములు తాను బిడ్డకు దూరముచేసినదేదో ఆమెకు తెలిసెను. భీతి ప్రేమవేషము ధరించి వచ్చినపుడు దానిని గుర్తించుట తల్లికే మిక్కిలి కష్టము. వాపు మాత్రము తగ్గలేదు. అలసిన యా తల్లి మిగిలిన నీటిని చెంచాతో కూతురినోట పోయుచు ప్రతి చెంచాకును తలకు చుట్టిన కట్టువైపు కన్నెత్తి చూచుచునే యుండెను.