విత్తనపు వంకాయ

శరదృతువు గౌతమీతీరమునకు వచ్చియుండెను గాని యా యేఁట శరల్లక్ష్మి చేతులు వట్టివై యుండెను. భాద్రపదమాసమున గట్టు లొరసి పొంగిన గోదావరి లంకభూములలోని పాదులను బందిళ్లను బెకలించి కొనిపోయి మోకాలిబంటి యొండ్రుమట్టిని మాత్రము విడిచి మరలెను. నిర్మలాకాశమున ధవళమేఘశకలములు తేలుచుండఁగా క్రింద నా బూడిదవన్నె బురద యెండి బీఁటలు వాఱుచుండెను.

ఆ లంకలో వ్యవసాయము చేసికొని బ్రతుకు పేరయ్య భార్య మాణిక్యమ్మ వరద తీసినపిమ్మటఁ బెరటిని వెదకి చూడఁగా మిట్టయంచున నొక్క వంగమొక్క మాత్రము బ్రతికియుండెను. అది యామె యత్తగారైన నరసాయమ్మ కాపురమునకు వచ్చిననాఁడు కొంగున ముడివైచికొని తెచ్చిన విత్తుల సంతతి. పెంటయెరువు దక్క మఱియొక పోషణము నెఱుఁగక యేఁటేఁట నా పెరటి విత్తుతోనే యా పెరటిలోఁ బుట్టుచు వచ్చిన యా తెల్లచారల వంకాయజాతి యంతయు నిప్పు డొక్క చెట్టుగా మిగిలెను. కార్తికమున నది పూచిన పూవులన్నియు రాలి యొక్క పిందె నిలిచెను. మాణిక్యమ్మ దానిని విత్తనమునకు విడువ నిశ్చయించి తొడిమకు దారము గట్టెను.

ఇంతలో నరసాయమ్మ జ్వరపడి మంచము పట్టెను. జావయుఁ జారును నోటికి సయింపక నానాఁటికిఁ గృశించిన యా వృద్ధ యొకనాఁటి యుదయమునఁ గోడలి చేయి పట్టుకొని మెల్లగా నిట్లనెను.

"అమ్మాయీ, నోరంతయుఁ జేఁదుగా నున్నదే. మన వంకాయ యల్లము వేసి వండిన కూరతో నొక్క ముద్ద తినవలెనని యున్నది."

చెట్టున నొక్క కాయయే యున్నదని యామె యెఱుఁగదు. తల్లి కోరికముందు విత్తనమెంత యని పేరయ్య కోయుమనెను. మాణిక్యమ్మ చాకు గొని చెట్టుకడకుఁ బోయెను. లేఁతకాయయందు విత్తు పండదు. పండినకాయ కూరకుఁ బనికిరాదు. రెండు ధర్మములు నొక్క తొడిమనుండి వ్రేలాడుచుండఁగా నామె చాల తడవు నిలువఁబడి తుదకుఁ గాయను ముట్టక మరలెను. త్రోవలో నొండ్రుమట్టిని జీల్చుకొని నిగనిగలాడుచు మొలచిన పొన్నగంటికూరను గిల్లి తెచ్చి పెసరపప్పుతో వండి నేతిచుక్క వైచి యత్తగారి మంచముకడ నుంచెను.

"అత్తా, చెట్టున నొక్క కాయయే మిగిలినది. విత్తనమునకు విడిచితిని. కోయఁ జేతులాడలేదు."

నరసాయమ్మ కోడలిని దీర్ఘముగాఁ జూచెను.

"మంచిపని చేసితివి. నా నోటిమాట వినకుము. ఆ యాకుకూరయే పెట్టు."

ఆమె కొన్ని ముద్దలు తిని కమ్మగా నున్నదనెను. కాని కోరినది దొరకని శిశువు మొగమునఁ దోఁచు నీడ యొకటి యామె మొగమునఁ గనుపట్టి తొలఁగదయ్యె. ఆ నీడను మాణిక్యమ్మ చూచెను. మాసము ముగియకముందే నరసాయమ్మ పరలోకగతురాలయ్యెను. పేరయ్య భార్యను నిందింపలేదు గాని బహుకాలము మనసిచ్చి మాటలాడఁడయ్యె.

మఱుసటి హేమంతమునఁ బెరడంతయు వంగచెట్లు విరగఁగాచెను. తొలికోఁత కాయలను మాణిక్యమ్మ యల్లము వేసి వండెను. పేరయ్య తలవంచుకొని భుజించి కొంతసేపటికి "ఇంకొంచెము వడ్డింపు" మని భార్యవంకఁ జూచెను. అందఱును భుజించినపిమ్మట నామె తాను విస్తరి వైచికొనెను. కాయ నోట వెన్నయై కరగెను. ఎడమచేతి కొంగుతోఁ గన్ను లొత్తుకొని యామె మెతుకైన మిగులనీక తినెను.

తరువాత నడిగిన యింటింటికి నా విత్తు లిచ్చెను. ఒకతె కోరియుఁ దినక విడిచిన కబళమే తరతరముల విస్తళ్లయందు వడ్డింపఁబడుచున్నదని తెలిసియుఁ దెలియకయు నా లంకవారు నేఁటికి నా వంకాయను భుజించుచున్నారు.