ఆరంతస్తుల తాడు

ఏటా జకరండా చెట్లు ఊదాగా పూసే వేళకు తోమాసా ప్యూబ్లా కొండల్లో తొలి బస్సెక్కి మెక్సికో నగరానికి వచ్చేది. చంకలో మొక్కజొన్న ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలేల మూట, మనసులో ఒకటే కోరిక. కూతురు నివెస్‌ను ఒక్కసారి ముట్టుకోవాలి, వీలైతే వెంట తీసుకుపోవాలి.

నివెస్ రోమా పేటలో ఓ ఆరంతస్తుల మేడలో పనిమనిషి. అక్కడ పనివాళ్ళ గదులు మిద్దెమీద, నీళ్ళ ట్యాంకుల పక్కన ఉంటాయి. వీధి తలుపు తాళంచెవి అమ్మగారి మెడలో ఉంటుంది. "నివెస్ మా ఇంటి మనిషే," అంటుంది ఆవిడ. ఇంటి మనిషికి సెలవెందుకు, చుట్టాలెందుకు? శ్రమను దోచుకునేవాళ్ళు ముందు చుట్టరికం కలుపుకుంటారు.

అందుకే తల్లీకూతుళ్ళ పలకరింపంతా తాడుతోనే. మొదటి ఏడు తమాలేల కోసం నివెస్ బక్కెట్టు దించితే ఆరంతస్తుల తాడు పట్టింది. తల్లి ముఖం చింతగింజంత కనబడింది. మరుసటి ఏడు అయిదంతస్తుల తాడు చాలింది. మేడ ఒక అంతస్తు భూమిలోకి దిగింది మరి. కాళ్ళకింది నీళ్ళన్నీ తోడుకు తాగేసిన ఊరది. ఇళ్ళు కుంగితే ఎవరూ తల తిప్పి చూడరు. అమ్మగారు ఏటా వీధి తలుపు ఒక అంతస్తు పైకి మార్పించి, తాను మాత్రం అట్టడుగు హాల్లో పట్టపగలే దీపాలు వేసుకు కూర్చునేది. పైకి రమ్మంటే, "పనిమనిషి పక్కన పడుకోమంటారా?" అనేది.

పోయినేడు తోమాసా మునివేళ్ళమీద లేచి చెయ్యి చాపింది. నివెస్ వంగింది. మధ్యలో జానెడు మిగిలిపోయింది.

ఈ ఏడు వచ్చేసరికి మిద్దె పిట్టగోడ కాలిబాట పక్కన మోకాలెత్తున ఉంది. నివెస్ దుప్పట్లు ఆరేస్తోంది.

"ఒసేయ్, ఇంత చిక్కిపోయావేమే?"

"చిక్కలేదమ్మా. నువ్వెప్పుడూ కిందనుంచే చూశావు."

తోమాసా కూతురి మోచేయి పట్టుకుంది. సబ్బునీళ్ళకు గరుకెక్కిన చర్మం. వదల్లేదు.

"రా, పోదాం."

"బట్టలు తడిగా ఉన్నాయి. మధ్యాహ్నం సూప్ పెట్టాలి."

"వాళ్ళకు చేతుల్లేవటే?"

"ఉన్నాయిలే, వాడకం తెలీదు." నివెస్ నవ్వబోయి ఆగిపోయింది. "రేపు మేస్త్రీ వస్తాడమ్మా. గోడ లేపి, ఇక్కడే తలుపు పెట్టి తాళం వేయిస్తారట."

"అయితే ఇవాళే."

ఆరేళ్ళుగా నివెస్ ఆ వీధిని కళ్ళతోనే నడిచింది, కంకుల బండిదాకా, మలుపులో చెప్పుల కొట్టుదాకా. ఇప్పుడది కాలికి అందేసరికి భయమేసింది. పిట్టగోడమీద కూర్చుంది. ఒక కాలు దాటించింది. రాలిన ఊదా పూలు పాదం కింద మెత్తగా నలిగాయి. రెండో కాలూ దాటించింది.

మెట్లదారి లోతుల్లోంచి గంట మోగింది.

"నివెస్! ఎవరితోనే ఆ మాటలు? పైన ఎవరున్నారు?"

కాలిబాటమీద నిలబడి, బావిలోకి పలికినట్టు వంగి, నివెస్ గొంతెత్తి జవాబిచ్చింది.

"పైన ఎవరూ లేరమ్మగారూ!"