పొగకు పట్టిన ఎరుపు

పొద్దున్నే ఇల్లు ఊడ్చాక ఆవిడ చీపురు తిరగేసి, పైకప్పు కింద వేలాడే పొగను ఓ మూలకు నెట్టేది. పెళ్లయిన దగ్గర్నుంచి మొగుడు కాల్చిన సిగరెట్ల పొగ అది. కిటికీలు తెరిచినా కదిలే రకం కాదు. చుట్టాలొస్తే "వదినా, పొగ కాస్త జరుపు, ఫ్యాన్ వేసుకుంటాం" అనేవాళ్లు. జరిపేది.

ఆయనది నూలుకు రంగులద్దే పని. రాత్రంతా దగ్గి, రంగుల ఘాటు వల్లే అనేవాడు. ఈమధ్య తన రుమాలు తనే ఉతుక్కుంటున్నాడు. తాగిన గ్లాసు కూడా కడగని మగాడు రుమాలు ఉతికితే ఏ ఆడదానికైనా అనుమానం రావాలి. ఈ పిచ్చిది మురిసిపోయింది.

ఆ రోజు చీపురెత్తేసరికి, సరిగ్గా ఆయన దిండు పైన, పొగలో ఎర్రటి చుక్కలు. కొన్ని ఎండి గోధుమ రంగుకు తిరిగాయి. ఒకటి ఇంకా తడిగా ఉంది.

"ఏంటండీ ఇది?"

"రంగే. చేతులకంటుకుని వస్తుంది కదా."

"వారమంతా తొట్టిలో నీలం తప్ప ఏం కలిపారు? మీ గోళ్లు చూసుకోండి."

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "దగ్గితే నెత్తురు చారలా పడుతోంది, అంతే. చెంచాడు కూడా ఉండదు. గొంతు గీరుకుపోయుంటుంది."

"డాక్టరు దగ్గరికి పదండి."

"వెళ్తే ఏదో ఒకటి ఉందంటారు."

"అనకపోతే లేనట్టా?"

జవాబుగా సిగరెట్ ముట్టించాడు. కొత్త పొగ తిన్నగా పైకెళ్లి ఆ తడి చుక్కను చుట్టుకుంది. చుక్క బరువెక్కి, ఊడి, ఆయన చొక్కా మీద పడింది. నీళ్లతో రుద్దాడు, సబ్బేసి రుద్దాడు. ఇసుమంతైనా వెలవలేదు. రంగు పట్టిందో పైపైన ఉందో ఆయనకొకరు చెప్పాలా? సిగరెట్ నలిపేసి చెప్పులేసుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయనకు కూతురయ్యే వయసుది. రుమాలు సంగతితో సహా అంతా వింది.

"ఎంత పడిందని కాదు బాబాయ్. ఇన్నేళ్లు కాల్చిన మనిషికి చారంత పడినా వెంటనే చూపించుకోవాలి. ఎక్కువగా పడినా, ఊపిరాడకపోయినా, ఛాతీ నొప్పెట్టినా అర్ధరాత్రైనా సరే పరుగెత్తుకు రావాలి. రుమాలు ఉతికి ఆరేసుకుంటారా?"

ఎక్స్‌రే తీశారు. స్కానింగ్‌కి లోపలికి తీసుకెళ్లారు. బయట బల్ల మీద ఆవిడ కొంగు మెలిపెడుతూ, మొగుణ్ని తిట్టాల్సినవన్నీ వరసగా పేర్చుకుంది. తిట్టడానికి మనిషి మిగలాలి కదా అని గుర్తొచ్చి ఆగిపోయింది.

"మచ్చ ఉంది," అంది డాక్టరమ్మ. "ముక్క తీసి పరీక్షించాకే అదేమిటో చెప్పగలను. చిన్నదే, ఒక్కచోటే ఉంది. ఇంకా ఆలస్యం చేసుంటే ఈ మాట అనగలిగేదాన్ని కాదేమో."

ఇంటికొచ్చి తలుపు తీశారు. పొగ లేదు. పైకప్పు మొత్తం కనిపిస్తోంది. ఆయన తలెత్తి చాలాసేపు చూశాడు.

"ఇదేం రంగే?"

"తెలుపు," అని ఆవిడ ఆయన జేబులోంచి సిగరెట్ పెట్టె తీసుకుంది. అగ్గిపెట్టె ఆయనే తీసిచ్చాడు.