రెండో ట్రాకులో ఊపిరి

నేను ఒక రికార్డరును. అరచేతిలో ఇమిడిపోయే ఒళ్లు, నెత్తిన రెండు చిన్న మైకులు, గాలి కొట్టకుండా వాటి మీద నల్ల స్పాంజి టోపీ. ఎక్కడో ఫ్యాక్టరీలో నన్నూ నాలాంటి వందలమందినీ బిగించి, వినబడుతోందో లేదో చూసి, డబ్బాల్లో సర్దారు. నాకు నోరు లేదు. ఉన్నదంతా చెవే.

మొదట నన్ను కొన్నది పట్నంలో సినిమా పిచ్చి ఉన్న ఒక కుర్రాడు. వాన చప్పుడు పడతానని బయల్దేరి, వాన కన్నా తన గొప్పలే ఎక్కువ పట్టాడు. కొత్త మోడల్ రాగానే ఆడవాళ్లు నడుపుకునే ఒక ఊరి రేడియోకు నన్ను దానమిచ్చి, ఇస్తున్నట్టు ఫొటో కూడా దిగాడు.

అక్కడ నేను స్వరూప చేతిలో పడ్డాను. బడి మధ్యలోనే మాన్పించి పెళ్లి చేసిన పిల్ల. చంకలో ఇంకా నడక రాని కూతురు జాను, భుజానికి నేను. పిల్ల ఒళ్లు వెచ్చబడిందా, పాలు చాలాయా, నా బ్యాటరీ అయిపోయిందా అని రోజంతా ఏదో ఒక దిగులు. దారిలో ఆగి ఒకసారి పిల్ల నుదురు తడిమేది, ఒకసారి నన్ను.

మనుషుల తీరు విచిత్రం. నన్ను ఆన్ చేసేదాకా బంగారంలా మాట్లాడతారు. ఎర్ర లైటు వెలిగిందా, గొంతు సవరించుకుని పేపర్లో వార్త చదివినట్టు మొదలుపెడతారు. అందుకే రేడియో నడిపే సుగుణక్క స్వరూపకు నేర్పిన మొదటి పాఠం ఊరుకోవడం. "నువ్వు తొందరపడకు పిల్లా. ఆళ్లు ఆ బడాయంతా జెప్పి అలిసిపోనీ. గప్పుడొస్తది అసలు ముచ్చట."

ఆ ఊరి పక్కన పలుగురాళ్లను పిండి చేసే మిల్లు ఉంది. ఏళ్ల తరబడి అందులో పనిచేసిన పెంటయ్య ఊపిరితిత్తుల్లో ఆ తెల్లటి పిండే పేరుకుంది. పడుకుంటే ఊపిరాడక, మంచానికి వీపు ఆనించి కూర్చునే ఉండేవాడు. ఆయన కథను రేడియోలో వినిపించాలనుకున్నారు.

"నువ్వు జెయ్యగల్గుతవా? నీ పెనిమిటి బాలకిషన్ గూడ గా మిల్లులనే గదా" అంది సుగుణక్క.

"ఆయన మూతికి తువ్వాల గట్టుకుంటడక్కా. గీ మామ గట్టుకోలేదేమో" అంది స్వరూప.

పెంటయ్యను ఆమె అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. "తువ్వాల గట్టుకునేటోనివా మామా?"

ఆయన నవ్వబోయి ఆయాసపడ్డాడు. "రెండు గట్టుకునేటోన్ని బిడ్డా."

స్వరూప జానును ఇంకాస్త గట్టిగా పొదువుకుంది. మరి ఆ మాట ఎత్తలేదు.

తర్వాత చాలా రోజులు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ మాటలను కోసి అతికింది. పెంటయ్య ప్రతి మాటకు ముందు ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టు ఊపిరి తీసేవాడు. ఆ చప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో ఆమెకు కంఠతా వచ్చేసింది. కథ పూర్తి కాకముందే పెంటయ్య పోయాడు. మనవడిని ఎత్తుకోలేకపోతున్నానని ఆయన చెప్పిన చోట వెనక పసిబిడ్డ సవ్వడి ఉంటే బాగుంటుందనిపించింది స్వరూపకు. చావింటికి పోయి పిల్లాణ్ణి ఆడించమని ఎలా అడుగుతుంది? తన ఇంట్లోనే, మధ్యాహ్నం పూట, జాను గంటెతో పళ్లెం కొడుతుంటే నన్ను పక్కన పెట్టింది. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన బాలకిషన్ అటు తిరిగి చాప మీద నిద్రపోతున్నాడు.

మర్నాడు కంప్యూటర్లో ఒక ట్రాకులో పెంటయ్యను, రెండో ట్రాకులో జానును పెట్టింది. పళ్లెం మోగుతోంది, పిల్ల కేరింతలు కొడుతోంది, వాటి కింద ఎండుటాకుల చప్పుడు.

"థూ, మామ దమ్ము సరిగ్గ కొయ్యలేదక్కా. గీడ మిగిలిపోయింది" అని మొదటి ట్రాకు నోరు నొక్కేసింది. చప్పుడు పోలేదు.

"పాతది సరిగ్గ తుడవనట్టున్నవ్. సూడు" అంది సుగుణక్క.

స్వరూప హెడ్‌ఫోన్ల తీగ తెచ్చి నేరుగా నాకే గుచ్చింది. పళ్లెం. పిల్ల. ఊపిరి. అంతలో నిద్రమత్తులో ఒక మగ గొంతు: "జానూ, సప్పుడు జెయ్యకు బిడ్డా." మళ్లీ అదే ఊపిరి.

ఆమె మళ్లీ మొదటికి తిప్పి విన్నది. సుగుణక్క ఏమైందని అడిగేలోగా నన్ను తీసుకుని లేచింది.

ఇంటికి వెళ్లేసరికి బాలకిషన్ డ్యూటీకి తయారవుతున్నాడు. ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్లు అతని చెవులకు పెట్టి, ముందు పెంటయ్యను, తర్వాత రెండోదాన్ని వినిపించింది.

"పెంటయ్య మామదే గదా. రెండుసార్లెందుకు పెట్టినవ్?" అన్నాడు.

ఆమె దాన్ని ఆపకుండా నడవనిచ్చింది. తన గొంతు తనకే వినబడ్డాక అతను హెడ్‌ఫోన్లు మెల్లగా తీసి చాప మీద పెట్టాడు.

"ఎప్పుడు పట్టినవ్?"

"నువ్వు పండుకున్నప్పుడు."

పెద్దాసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి, పాడైన ఊపిరితిత్తులు బాగుకావనీ, మిల్లు మానేసినా ఇది ఆగుతుందని చెప్పలేననీ అన్నాడు. బాలకిషన్ ఇక మిల్లుకు పోలేదు. పెంటయ్య కథ రేడియోలో వచ్చింది. అందులో రెండో ఊపిరి కూడా ఉంది. "ఇది మా ఇంట్ల మనిషిది" అని మాత్రం చెప్పింది స్వరూప. ఆ రాత్రి ఊళ్లో చాలామంది ఆడవాళ్లు నిద్రపోతున్న తమ మగవాళ్ల వీపులకు చెవులు ఆనించారట.

కొన్నాళ్లకు బాలకిషన్ గోడకు ఆనుకునే కూర్చోవడం మొదలైంది. ఒకరోజు, "అందరి కథలు పడతవ్. నన్నడుగవేందే?" అన్నాడు.

"ఏం జెప్తవ్ జెప్పు."

"కథొద్దు. జానును పిలుస్త. పట్టు."

ముందు పాకే పిల్లను పిలిచినట్టు పిలిచాడు. ఊపిరి తీసుకున్నాడు. బడి నుంచి వచ్చిన పిల్లను పిలిచాడు. "జానూ, కాళ్లు కడుక్కోని రా, తిందువు." ఆగాడు. ఈసారి కోపంగా, "పొద్దువోయింది, యాడ దిరుగుతున్నవే?" చాలాసేపు ఆగి, "అల్లుడు రాలేదా బిడ్డా? ఆ పిల్లగాన్ని ఇటియ్యి, నేనెత్తుకుంట" అన్నాడు.

గొంతు సన్నబడితే గట్టిగా అనమని చెయ్యెత్తి సైగ చేయడం స్వరూపకు పనిలో అలవాటు. అప్పుడూ చెయ్యెత్తింది. అతను ఇంకాస్త గట్టిగా అనడానికి ప్రయత్నించాడు.

ఇప్పుడు బాలకిషన్ లేడు. రేడియోకు కొత్త మిషను వచ్చింది. నా బ్యాటరీ మూత విరిగితే సుగుణక్క నన్ను స్వరూపకే ఇచ్చేసింది. ఆమె రేకు పెట్టెలో చీరల మధ్య ఉంటున్నాను. అప్పుడప్పుడు జాను ఏడ్చి గోల చేస్తే నన్ను తీసి, రబ్బరుబ్యాండు బిగించి, మొదటి పిలుపు ఒక్కటే వినిపించి ఆపేస్తుంది. జానుకు ఇప్పుడిప్పుడే పరుగు వచ్చింది. మిగతా పిలుపుల వయసు పిల్లకింకా రాలేదు.