మీసం రాని స్కాన్

సీటీ స్కాన్‌లో మీసం రాదు. ఈ సంగతి నేను ముందే చెప్పి ఉండాల్సింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. విజయనగరంలో ఒక ఆసుపత్రి స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్‌ని. ఆ గురువారం రాజాం అవతల నుంచి గంగులు గారు దవడ విరిగి వచ్చారు. ట్రాక్టర్లో ధాన్యం బస్తాల మీద కూర్చుని పడిపోయారట. వెంట భార్య ఈశ్వరి గారు, ఆవిడ తమ్ముడు నూకయ్య. దవడలు సరిచేసే డాక్టరు గారు విశాఖ నుంచి గురువారాలే వస్తారు. సాయంత్రం నాలుగు లోపల ఇంటివాళ్లు ఆపరేషన్‌కి ఒప్పుకుంటే ఆయన ఉంటారు, లేకపోతే వెళ్లిపోతారు. మళ్లీ వారం దాకా ఆగితే ఎముక వంకరగా అతుక్కుంటుంది.

సీటీ మిషను తలని పలచటి ముక్కలుగా ఫొటోలు తీస్తుంది. వాటిని కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చితే తలంతా బొమ్మలా నిలబడుతుంది. డాక్టరు గారికి ఎముకలు చాలు. ఇంటివాళ్లకి బాగా అర్థమవ్వాలని నేను చర్మంతో సహా ముఖం తెర మీద పెట్టాను.

ఈశ్వరి గారు తెర ముందు నిలబడ్డారు.

“ఇదెవులు పాపా?”

“మీ ఆయనేనండి.”

“మీసమేది?”

“దీంట్లో వెంట్రుకలు కనబడవండి.”

“ఇరవయ్యేళ్లుగా సూస్తన్నాను. నిద్దట్లో కూడా మీసం మీద సెయ్యి తియ్యడు మా మావ. ఈ గుండోడెవుడో నాకు తెల్దు.”

నూకయ్య కూడా వంగి చూశాడు. “రంగు కూడా మా బావది కాదు. ఇంకెవుడి దవడో సూసి మా బావని కోసేత్తారేటి?”

గంగులు గారు మాట్లాడలేరు. తెర చూసి, మీసం తడుముకుని, అడ్డంగా తలూపబోయి నొప్పికి ఆగిపోయారు.

స్కాన్ మీద పేరు, వయసు, టైము చూపించాను. “పేరు రాసీడం ఎంతసేపు” అన్నారు ఈశ్వరి గారు. మూడున్నరైంది. నర్సు రెండుసార్లు తొంగి చూసింది. ఇంత చదివీ ఒక మనిషిని ఆయనే అని నమ్మించలేకపోతున్నాను.

చివరికి చర్మం తీసేసి ఎముకలే ఉంచాను. విరిగిన చోటు చూపిద్దామని పుర్రెను మెల్లగా తిప్పాను. ఎడమ కనుబొమ పైన ఎముక మీద చిన్న సొట్ట కనిపించింది. ఎప్పుడో మానిపోయిన పాత దెబ్బ.

ఈశ్వరి గారు తెరకి దగ్గరగా జరిగారు. ఆ సొట్ట మీద వేలు పెట్టారు.

“సంతకం కాయితం ఇయ్యి పాపా. మా మావే.”

“ఎలాగ సెప్పగలవే అప్పా?” అన్నాడు నూకయ్య.

“ఆ సొట్ట నాకు తెలుసు.”

“అది జీడితోటలో ఎలుగ్గొడ్డు కొట్టింది కదా. బావ ఊరందరికీ సెప్తాడు.”

“ఎలుగ్గొడ్డు కాదురా. ఇత్తడి సెంబు. పెళ్లైన కొత్తలో.” కొంచెం ఆగి, “ఇసిరింది నానే” అన్నారు.

నూకయ్య బావ వైపు తిరిగాడు. “ఆ ఎలుగ్గొడ్డుకి బయపడి నాను ఇప్పటికీ సీకటడితే తోటకి ఎల్లను బావా.”

గంగులు గారు ఏదో మూలిగారు. కాదనడానికి దవడ సహకరించలేదు. భార్య చేతిలోంచి ఫారం లాక్కుని తనే సంతకం పెట్టారు. తర్వాత నా టేబుల్ మీద చీటీ తీసుకుని, వాళ్లకి కనబడకుండా రాసి ఇచ్చారు: ‘రిపోర్టులో చెంబు రాయొద్దు.’

దెబ్బ ఎలా తగిలిందో రాసే గడి అందులో లేదని చెప్పాను. అప్పుడు స్ట్రెచర్ ఎక్కారు.