తిరగేసిన గ్లౌజులు

మా చెల్లెలి శవం ఇంకా ఆసుపత్రి వరండాలోనే ఉంది. తోళ్ల ఫ్యాక్టరీ కాంట్రాక్టరు అప్పుడే తీర్పు చెప్పేశాడు: "గ్లౌజు తిరగేసుకుంది. తప్పు ఆమెదే."

తిరగేసుకున్న మాట నిజమే. తొట్లలో తోళ్లు కలిపే ఆడవాళ్లకు కుడిచేతి గ్లౌజు ముందు చిరుగుతుంది. కొత్తది అడిగితే "ఎడమది బాగానే ఉందిగా?" అంటాడు. ఎడమదాన్ని లోపలిది బయటికి తిప్పితే కుడిచేతికి పడుతుంది. కానీ మందునీళ్లలో నానిన పక్క ఒంటికి ఆనుతుంది. మా చెల్లికి విషం అలాగే ఎక్కింది. అందరూ చేసేదే. ఒప్పుకుంటే పని ఊడుతుందని ఎవరూ నోరు విప్పరు. అక్కడే తోళ్లు మోసే నేనూ విప్పలేదు.

ఆమె పోయాక ఒకావిడ వచ్చి ఫ్యాక్టరీ వెనక మురుగుకాలవలో గ్లౌజులు ఏరసాగింది. పారేసిన వస్తువులతో ఆడవాళ్ల గురించీ నీళ్ల గురించీ బొమ్మలు కడుతుందట. మేం చెత్తక్క అని పేరు పెట్టాం. గ్లౌజుల్లో ఆ బురదే కూరి గేటు పక్క కంచెకు వేలాడదీసింది. ఎండకు బురద బిగిసి వేళ్లు ముడుచుకున్నాయి. నన్నే రమ్మంటున్నట్టుండేవి. తల వంచుకుని దాటిపోయేవాణ్ణి.

చెల్లి తొట్టి దగ్గరే పనిచేసిన పెద్దక్క ఒకరోజు షిఫ్టు దిగి చెత్తక్క మీదికి పోయింది.

"మా చావులతో బొమ్మలాటా నీకు?"

"కాలవలో ఉంటే ఎవడికీ కనబడవక్కా. ఇక్కడైతే ఓనరు కారు వీటి ముందే పోవాలి."

"కారుకి అద్దాలుంటాయి తల్లీ. ఎక్కించుకుంటాడు."

ఆడవాళ్లు నవ్వారు. చెత్తక్క నవ్వలేదు. "అయితే ఏం చేద్దామో మీరే చెప్పండి."

"అద్దాలు పగలగొడదాం," అన్నాను.

"నువ్వు జైలుకి పోతావు, తోళ్లు మాత్రం ఊరుతూనే ఉంటాయి," అంది పెద్దక్క. "ఆ పిల్లదే తప్పన్నాడు. మనమంతా చేశాం కదే! రేపు గేటు దగ్గర అందరం ఒప్పుకుందాం."

పొద్దున పోలీసులు వచ్చి కంచె మీది గ్లౌజులు పీకారు. చెత్తక్కను వ్యాన్‌లో కుక్కారు. అప్పుడు ఆడవాళ్లు కుడిచేతులు పైకెత్తి గ్లౌజులు లాగేశారు. గోళ్లు నల్లబడి, తోలు లేచిపోయిన అరచేతులు.

"నేనూ తిరగేసుకున్నా!"

"నేనూ!"

కాంట్రాక్టరు వెనక్కి తగ్గాడు. "అందర్నీ తీసేస్తా!"

"తియ్యి. తొట్లో నువ్వు దిగు."

సైరన్ మోగింది. వరసలో చెల్లి నిలబడే చోటు ఖాళీగానే ఉంది. ఎవరూ జరగలేదు. ఎవరూ లోపలికి పోలేదు.

తొట్లలో తోళ్లు కుళ్లడం మొదలైంది. సాయంత్రానికి ఆ కంపు ఓనరు ఇంట్లోకి చేరింది.