తవుడుకిచ్చిన పిల్లలు

నేను ఒక చేటను. చేటు కాదు, చేట. రెండింటికీ తేడా ఒక్క కొమ్మే. కానీ ఆ కొమ్మును మనుషులు ఎంత తేలిగ్గా తగిలించేస్తారో నాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

సాలూరు సంత దగ్గర ఒక మేదరి ముసలమ్మ నన్ను అల్లింది. వెదురు బద్దలు చీలుస్తుంటే వేళ్ళు తెగేవి. తెగినచోట పసుపు అద్దుకుని మళ్ళీ అల్లేది. నన్ను కొనుక్కున్న గైరమ్మ నానబెట్టిన మెంతులనూ పాత పుస్తకాల కాగితాలనూ కలిపి రుబ్బి, ఆ ముద్దను నా ఒళ్ళంతా పూసి ఎండబెట్టింది. ఎవరి పాఠాలో, ఎన్ని అక్షరాలో నాలో కలిసిపోయాయి. అయినా చదువు మాత్రం అబ్బలేదు. పుస్తకం ఒంటికి పట్టినంత మాత్రాన చదువు వస్తుందా?

గైరమ్మ అప్పటికే ఇద్దరు బిడ్డల్ని కని, పురిటి వాసన పోకముందే ఇద్దరినీ పోగొట్టుకుంది. భర్త పేరు గురువులు, బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. మనిషి మంచివాడే కాని, నోట్లోంచి మాట ఊడిపడాలంటే బస్తా దించినంత పని. ఆయన వాటా మాటలు కూడా ఆయన తల్లి అసిరమ్మే మాట్లాడేది. మూడో కాన్పులో మగబిడ్డ పుట్టినప్పుడు, నన్ను కడిగి పసుపు రాయమని చెప్పింది కూడా ఆమే.

మా వైపు ఒక ఆచారం ఉంది. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో, ఆ తర్వాత పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి పొరుగింటావిడకు తవుడుకు అమ్ముతారు. ఆవిడ గుప్పెడు తవుడు పోసి బిడ్డను తీసుకుంటుంది. కాసేపయ్యాక తల్లి వెళ్ళి, అదే తవుడు తిరిగిచ్చి బిడ్డను కొనుక్కుంటుంది. ఇది కన్నబిడ్డ కాదు, తవుడుకు కొన్న బిడ్డ, ఇంత చవక సరుకు మనకెందుకని మృత్యువు పక్కింటి దారి పడుతుందని నమ్మకం. మనుషులు మృత్యువును కూడా సంతకొచ్చిన బేరగాడనుకుంటారు.

బిడ్డను నా ఒళ్ళో పడుకోబెట్టారు. పక్కింటి నూకాలు తవుడు పోసి ఎత్తుకుంది, గుమ్మం దాటింది, వెనక్కి తెచ్చి ఇచ్చింది. బిడ్డకు తవుడు అనే పేరు పెట్టారు. ఎన్నో బస్తాల ధాన్యం మోశాను కాని, కాళ్ళాడించే బరువును అదే మొదటిసారి మోయడం.

తవుడు కూర్చోవడం నేర్వకముందే జ్వరంతో పోయాడు.

గురువులు వాణ్ణి పాత చీర ముక్కలో చుట్టుకుని తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళు వెంట వెళ్ళకూడదు. గైరమ్మ గుమ్మం పట్టుకుని నోరు తెరిచింది. ఏడుపు బయటికి రాకముందే అసిరమ్మ అరచెయ్యి ఆ నోటి మీద పడింది.

“ఏడవకే గైరీ! తవుడుకి కొన్నోడికి ఏడుపేటి? నువ్వేడిస్తే మల్లొచ్చీవోడికి దారి మూసుకుపోద్ది.”

ఆమె చెడ్డమనిషై ఆ మాట అనలేదు. మనవడు కావాలన్న ఆశతో అంది. గైరమ్మ నోరు మూసుకుంది. వచ్చేవాడి కోసం ఏడుపు దాచి ఉంచింది. వాడు రాలేదు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. దాచిన ఏడుపు దాచినట్టే ఉండిపోయింది.

నూకాలు చెయ్యి మంచిది కాదన్నారు వీధిలో. ఆ మాట చెవిన పడ్డాక ఆమె ఈ గుమ్మం తొక్కడం మానేసింది. నాకూ అప్పుడే కొమ్ము తగిలించారు. నాలో బియ్యం పోస్తే అచ్చిరాదన్నారు. బిడ్డ పడుకున్న వస్తువు గనక పారేయడానికీ చేతులు రాలేదు. పెరటి పాకలో కట్టెల మీద పడేశారు. ఏళ్ళు గడిచాయి. సాలీళ్ళు తప్ప నన్ను పలకరించినవాళ్ళు లేరు.

ఒక వానాకాలం పొద్దున, ఎముకలు లెక్కపెట్టేలా ఉన్న బూడిద రంగు పిల్లి ఒకటి పొట్ట ఈడ్చుకుంటూ పాకలోకి వచ్చింది. అన్నీ వాసన చూసి, చివరికి నాలో దిగి, మూడు వైపులా ఉన్న నా అంచుకు వీపు ఆనించి నాలుగు పిల్లల్ని కన్నది.

కట్టెలకని వచ్చిన గైరమ్మ నన్ను చూసి ఆగిపోయింది. పిల్లి చెవులు వెనక్కి పెట్టి గుర్రుమంది.

“ఏటే అక్కడ?” మంచం మీంచి అసిరమ్మ కేకేసింది. అప్పటికామెకు నడుం వంగిపోయింది కాని గొంతు వంగలేదు.

“పిల్లి ఈనింది అత్తా.”

“ఎందులో?”

గైరమ్మ కట్టెలు ముట్టకుండానే పొయ్యి దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి గంజిలో అన్నం పిసికి, మీద ఎండుచేప తలకాయ పెట్టి తెచ్చింది. పిల్లి చూపంతా ఆమె చేతుల మీదే పెట్టి తిన్నది. మర్నాడూ అంతే. ఆ మర్నాటికి గుర్రుమనడం మానేసింది. గైరమ్మ తన మెత్తని చీర ముక్క పరిస్తే లేచి చోటిచ్చింది. చూలాలికి ఏం పెట్టాలో, బాలింతకు ఏం పెట్టకూడదో ఆమెకు తెలుసు. ఆ తెలిసినదంతా పిల్లి మీద ఖర్చు పెట్టింది.

“పిల్లికి పథ్యమేటే! రేపు సారె కూడా పెడతావేటి?” అని అసిరమ్మ వెక్కిరించేది. కాని తన కంచంలోని చేప తల తినకుండా పక్కన పెట్టడం నేను చూశాను.

పిల్లలు కళ్ళు తెరిచాయి. నా అంచెక్కి బోర్లా పడడం నేర్చాయి. ఒక మిట్ట మధ్యాహ్నం అందరూ పనుల్లో ఉండగా, తల్లి తిండి వెతుక్కుంటూ వెళ్ళగా, గండుపిల్లి వచ్చింది. నేను వెదురును. అరవలేను, అడ్డం పడలేను. గైరమ్మ వచ్చేసరికి ఒకటి చచ్చి పడి ఉంది. మిగిలిన మూడూ కట్టెల సందుల్లో వణుకుతున్నాయి. చచ్చినదాన్ని గురువులు దొడ్లో పాతిపెట్టి, చేతులు కడుక్కుని, పాకకు తలుపు బిగించేందుకు చెక్కలు వెతికాడు. చాలినన్ని దొరకలేదు.

“ఇక్కడుంటే ఆ గండుది ఒగ్గదు,” అంది గైరమ్మ. “తలుపులున్న ఇల్లు సూసి ఇచ్చీస్తాను. తవుడుకి అమ్మీస్తాను.”

అసిరమ్మ మంచం మీద లేచి కూర్చుంది. “ఓసి పిచ్చిదానా! ఆ తవుడు నీకేటి మేలు చేసినాదని?”

“అప్పుడు ఉత్తుత్తికి అమ్మినాం అత్తా. ఎనక్కి కొనీసుకున్నాం. దేవుడు మోసపోనేదు. ఈపాలి నిజంగానే అమ్ముతాను.”

పిల్లలు పాలు మరిచి అన్నం తినేదాకా ఆగింది. అందాకా పనికి వెళ్ళినా మూడింటినీ గంపలో పెట్టుకునే వెళ్ళేది. వెనకే తల్లి. వీధి వీధంతా నవ్వింది. ఆ తర్వాత బేరాలు మొదలయ్యాయి. పెళ్ళి సంబంధాల్లో అడగని ప్రశ్నలు కూడా పిల్లి పిల్ల దగ్గర అడిగారు. ఆడదా, మగదా? కోడిపిల్లల జోలికి పోతుందా? తల్లి ఎలాంటిది? తండ్రి ఎవరన్నది మాత్రం ఎవరూ అడగలేదు.

నాలో పడుకోబెట్టి కొట్టుకు తీసుకెళ్తే, కిరాణా కొట్టు సత్యం పిల్లను మెడ పట్టి ఎత్తి చూశాడు. “ఎలకల్ని పడతాదా?”

“ఇప్పుడే అన్నం మరిగింది బాబూ. ఎలకని సూస్తే ఇదే పారిపోద్ది.”

“మరి నాకెందుకూ?”

“నువ్వు పుట్టినరోజే కొట్టు తెరిసీసినావేటి?”

కొట్టు ముందున్న వాళ్ళంతా నవ్వారు. సత్యం కూడా నవ్వి, గుప్పెడు తవుడు నాలో పోసి తీసుకున్నాడు. రెండోదాన్ని బడిలో వండిపెట్టే చిలకమ్మ తీసుకుంది. బడిపిల్లలు పారేసే మెతుకులతో ఊరి పిల్లులన్నీ బతకొచ్చంది.

మూడోదాని కోసం నూకాలు వచ్చింది.

అన్నేళ్ళ తర్వాత ఆమె గుమ్మం లోపలికి అడుగు పెట్టింది. కొంగులో తవుడు ఉంది. ముడి విప్పుతుంటే సగం నేల మీద పడింది. అసిరమ్మ మంచం మీంచి చూస్తూనే ఉంది.

“వొదినా,” అంది నూకాలు, పిల్లను గుండెకు హత్తుకుని. “ఆపాలి ఎనక్కిచ్చీసినాను. ఇయ్యకపోతే ఏటయ్యేదో అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఈపాలి నువ్వడిగినా ఇయ్యను.”

“అడగను,” అంది గైరమ్మ.

పిల్లి తిరిగొచ్చేసరికి నేను ఖాళీగా ఉన్నాను. నాలో దిగి వాసన చూసింది. కట్టెలు, పొయ్యి, మంచం కింద, అన్నీ వెతికింది. మళ్ళీ నాలోకి వచ్చింది. అప్పుడు మొదలుపెట్టింది ఏడుపు. పసిబిడ్డ ఏడ్చినట్టే ఏడుస్తుంది పిల్లి.

“తరిమీండమ్మా దాన్ని! పిల్లేడుపు ఊరంతటికీ అరిష్టం,” అని వీధిలోంచి ఎవరో అరిచారు.

“తరిమే గైరీ,” అంది అసిరమ్మ. “ఇంట్లో ఏడుపు మంచిది కాదు.”

గైరమ్మ చీపురు తీసుకుని పాకలోకి వచ్చింది. పిల్లి ఆమె ముఖంలోకి చూసి ఇంకా గట్టిగా అరిచింది. గైరమ్మ చీపురు కింద పెట్టి, నా పక్కన నేల మీద చతికిలబడింది.

“ఏడవనీ అత్తా,” అంది. “దాని పిల్లలు.”

ఆ మాటతోనే దాచిన ఏడుపు కట్ట తెంచుకుంది. “నా తవుడు... నాయినా తవుడూ...” అని నా అంచు పట్టుకుని వంగిపోయింది. మంచం మీంచి అసిరమ్మ చెయ్యి పైకి లేచింది. లేచిన చెయ్యి గాలిలో కాసేపు ఆగి, మెల్లగా వచ్చి తన నోటి మీదే పడింది. ఎన్ని ధాన్యాల్లోంచో పొల్లును వేరు చేసినదాన్ని నేను. ఆ సాయంత్రం పిల్లి ఏడుపేదో, గైరమ్మ ఏడుపేదో, మంచం మీద నుంచి వచ్చిన మూడో ఏడుపేదో చెరిగి వేరు చేయలేకపోయాను.

ఇప్పుడు నా అల్లిక సడలింది. పొయ్యిలో బూడిద ఎత్తడానికి వాడుతున్నారు. అసిరమ్మ లేదు. పిల్లి మాత్రం ఇల్లు వదల్లేదు.

మొన్న ఆరబెట్టడానికి నన్ను గోడ మీద పెట్టారు. నూకాలు ఇంట్లో పెరిగిన పిల్ల, ఇప్పుడు తల్లంత అయింది, గోడెక్కి ఇటు వచ్చింది. తల్లి వీపు పైకెత్తి, కోరలు చూపించి, ఇదెవరన్నట్టు బుస్సుమంది. పిల్ల అటు దూకి పారిపోయింది.

“సూసినావా వొదినా!” గోడ అవతల నుంచి నూకాలు నవ్వింది. “కన్న పిల్లనే గుర్తుపట్నేదు. మరిసిపోనాది.”

గైరమ్మ నవ్వబోయి ఆగింది. బూడిద చేతులు కొంగుకు తుడుచుకుంది.

“మరిసిపోనీ,” అంది. “దానికైనా ఆ సుకం ఉండనీ.”